గొడవ పాఠం

ఆ రోజు పొద్దున్న శిబిరంలో జరగవలసింది ఒక చిన్న గొడవ మాత్రమే. టిఫిన్లు అయ్యాక మొదలై, పిల్లలు తేరుకునేలోపు ముగిసిపోవలసిన గొడవ. ఎవరు ఏ తలుపులోంచి రావాలో, ఎవరి గొంతు ఎంతవరకు లేవాలో ముందురోజే అనుకున్నారు. అంత పద్ధతిగా ఏర్పాటు చేసుకున్న గొడవ మధ్యాహ్నానికల్లా అందరి భోజనాన్నీ మింగేస్తుందని ఎవరికీ తోచలేదు.

వేసవి సెలవుల్లో ఖాళీగా పడివున్న ఒక బడిలో పిల్లలకు కథలు రాయడం నేర్పే శిబిరం అది. బెంచీలు వరండాలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. గదుల్లో చాపలు పరిచారు. శిబిరాన్ని నడిపేది రిటైరైన ప్రిన్సిపాల్ ఒకావిడ. అందరూ ఆవిడను డైరెక్టరుగారు అంటారు. ఆవిడ కింద పనిచేసేది ఇద్దరు కాలేజీ విద్యార్థులు.

ఒకరు డిగ్రీలో సాహిత్యం చదువుతున్న అమ్మాయి. కాగితం మీద గళ్ళు గీసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టదు కనుక తోటివాళ్ళు ఆమెను ప్లాను అని పిలిచేవాళ్ళు. రెండోవాడు ఫిజిక్సు చదువుతున్న అబ్బాయి. "నాదొక సందేహం" అనకుండా నోరు విప్పడు కనుక అతని పేరు సందేహంగా స్థిరపడిపోయింది. డైరెక్టరుగారు అతనికి స్వయానా మేనత్త. సెలవులన్నీ మంచం మీద పడుకుని ఫ్యాను తిరగడం చూస్తున్నాడని తమ్ముడు మొరపెట్టుకుంటే, ఆవిడే తెచ్చి ఇక్కడ పనిలో పెట్టారు. శిబిరంలో ఉన్నన్నాళ్ళూ తనను అత్తయ్యా అనకూడదు, మేడమ్ అనాలి అన్నది ఆవిడ పెట్టిన షరతు.

శిబిరానికి వచ్చిన పిల్లలు రాక్షసుల గురించి, అంతరిక్షంలో తప్పిపోయిన కుక్కపిల్లల గురించి ఎంతైనా రాసేవారు. కళ్ళెదుట ఉన్న కిటికీ గురించి రాయమంటే మాత్రం పెన్సిలు నమిలేవారు. చూసింది చూసినట్టు రాయడం ఎలా నేర్పాలని ప్లాను తెగ ఆలోచించి ఈ ఉపాయం కనిపెట్టింది. తాను పాఠం చెబుతుండగా సందేహం లోపలికొచ్చి గొడవ పెట్టుకుంటాడు. తానిచ్చిన పుస్తకాన్ని నేలమీద విసిరేస్తాడు. నాలుగు మాటలని వెళ్ళిపోతాడు. అప్పుడు పిల్లల్ని ఏం చూశారో రాయమంటుంది. ఒకే గొడవను ఒక్కొక్కరు ఒక్కో రకంగా చూసివుంటారు కనుక చర్చ రసవత్తరంగా సాగుతుంది.

పిల్లలకు ముందే తెలిస్తే లాభం లేదు. డైరెక్టరుగారికి తెలియకపోతే ప్రమాదం. అందుకని ముందురోజు సాయంత్రం ప్లాను ఆఫీసు గదికి వెళ్ళి, రేపు పిల్లల ముందు గొడవ పెట్టుకుంటామని చెప్పి అనుమతి అడిగింది. ఆ సమయానికి డైరెక్టరుగారి చెవి దగ్గర ఫోను ఉంది. ఆవిడకు గొడవ కాస్తా గోడగా వినిపించింది. పిల్లల రాతలతో గోడపత్రిక పెడతారన్నమాట అనుకున్నారు.

"పెట్టుకోండమ్మా, మంచిదే. మేకులు మాత్రం కొట్టకండి. బడివాళ్ళు ఊరుకోరు" అన్నారు.

మరీ కొట్టుకునేదాకా పోవద్దని మేడమ్ చమత్కారంగా చెప్పారనుకుని, ప్లాను ఆవిడ హాస్యప్రియత్వాన్ని మెచ్చుకుంటూ బయటికొచ్చింది. ఫోనులో అవతల ఉన్నది మర్నాడు శిబిరానికి అతిథిగా రావలసిన నవలాకారుడు. సాయంత్రం కాకుండా పొద్దున్నే వచ్చేస్తానని ఆయన అప్పుడే చెప్పాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలన్న ధ్యాస, బడి గోడలకు పడబోయే చిల్లుల దిగులులో డైరెక్టరుగారికి లేకుండా పోయింది.

తెల్లవారాక సందేహం చేతిలో ప్లాను ఎర్ర అట్ట పుస్తకం ఒకటి పెట్టింది. అతను దాన్ని తిప్పి చూసి, ఇది వచ్చే అతిథిగారి నవలే కదా అన్నాడు. గది చివరి నుంచి కూడా కనబడే రంగు దానికొక్కదానికే ఉందని, ఆయన వచ్చేది సాయంత్రమని, అప్పటికి పుస్తకం దుమ్ము దులిపి బల్ల మీద పెట్టేయవచ్చని ఆమె సర్దిచెప్పింది. అంతలోనే అతనికి ఇంకో సందేహం వచ్చింది. అసలు మనం ఎందుకు పోట్లాడుకుంటున్నట్టు? కారణం అక్కర్లేదని, మాటలు కంఠతా వస్తే చాలని, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ అనాలని చెప్పి ఆమె గళ్ళ కాగితం మీద ఆ పనికి టిక్కు పెట్టుకుంది.

మనుషుల కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం సందేహానికి పుట్టుక నుంచీ కష్టం. అందుకని అభ్యాసానికి వంటగది వెనక సామాన్ల కొట్టును ఎంచుకున్నాడు. అక్కడున్న బంగాళాదుంపల బస్తాను ప్లాను అనుకుని, దాని మూతి ముడి వైపు తీక్షణంగా చూస్తూ, "నువ్విచ్చింది నువ్వే తీసుకో. నాకు తలనొప్పి తప్ప ఏం మిగల్లేదు. ఇక నీకూ నాకూ ఏమీ లేదు" అన్నాడు. మొదట మెల్లగా అన్నాడు. తరవాత గట్టిగా అన్నాడు. మూడోసారి అన్నప్పుడు బస్తాను కొంచెం తోశాడు కూడా.

గోడకు ఇవతల కూరగాయలు తరుగుతున్న వంటావిడ చేతిలో కత్తి ఆగిపోయింది. పిల్లలు పెద్దమ్మా అని పిలుచుకునే ఆవిడ చాడీలు చెప్పే మనిషి కాదు. కానీ చదువుకునే కుర్రాడు కొట్టులో ఒక అమ్మాయిని నిలబెట్టి నీకూ నాకూ ఏమీ లేదంటుంటే, వినీ విననట్టు ఊరుకునే మనిషి కూడా కాదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆఫీసు గదికి నడిచి, మేనల్లుడి సంగతి విన్నది విన్నట్టు చెప్పేసింది. ఏమిచ్చిందట, ఏం తిరిగిస్తున్నాడట అని డైరెక్టరుగారు అడిగారు. అది వినపడలేదని, అయినా ఇలాంటి వ్యవహారాల్లో ఇచ్చి పుచ్చుకునేది ఉంగరం కాక ఇంకేముంటుందని వంటావిడ సందేహిస్తూ అంది. ఆ సందేహం ఆఫీసు గది దాటేసరికి వార్త అయింది.

డైరెక్టరుగారు వెంటనే తమ్ముడికి ఫోను చేశారు. ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆ క్షణంలో ఒక ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాడు. అక్క గొంతులోంచి అబ్బాయి, అమ్మాయి, ఉంగరం అన్న మూడు ముక్కలు చెవినపడగానే ఆయనకు ఎదురుగా ఉన్న అక్షరాలు అలుక్కుపోయాయి. ముసలాయన్ని అలాగే కూర్చోమని చెప్పి స్కూటరెక్కాడు.

ఇక్కడ హాల్లో పాఠం మొదలైంది. ప్లాను నల్లబల్ల మీద 'చూడటం' అని రాసింది. అనుకున్న ప్రకారం సందేహం పక్క తలుపులోంచి వచ్చాడు. భయంతో మొహం బిగుసుకుపోయి ఉండటం వల్ల నిజంగానే కోపంగా ఉన్నట్టు కనిపించాడు. "నువ్విచ్చింది నువ్వే తీసుకో. నాకు తలనొప్పి తప్ప ఏం మిగల్లేదు" అంటూ విసిరాడు. పుస్తకం నున్నటి గచ్చు మీద జారుకుంటూ పోయి ఎదురు తలుపు గడప దగ్గర ఆగింది. అక్కడిదాకా అంతా కాగితం మీద ఉన్నట్టే జరిగింది.

ఆ తరవాత అనవలసిన మాట అతనికి గుర్తురాలేదు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కనుక నోటికొచ్చింది అన్నాడు.

"అసలు నువ్వెప్పుడైనా నన్ను అడిగావా?"

"అది లేదు" అని ప్లాను పెదాలు కదపకుండా గొణిగింది.

"చూశావా. నేనేమన్నా అది లేదనే అంటావు. మొన్న కథ నేను చెప్తానంటే వద్దన్నావు. నిన్న ఆట నేనాడిస్తానంటే కాగితంలో లేదన్నావు. నాకు గంట కొట్టడం తప్ప ఏ పనీ ఇవ్వలేదు నువ్వు."

ప్లాను కాగితంలో దీనికి జవాబు లేదు. అయినా జవాబు వచ్చేసింది. "నీ సందేహాలు తీరేదాకా ఆగితే ఆ గంట కూడా మోగదు. అన్నీ నా నెత్తిన వేసి, పైగా నన్నే అంటావా?" అంది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కళ్ళు మండాయి. ఇది నటనో కాదో ఆమెకు తెలియలేదు. అతని మొహం చూస్తే అతనికీ తెలిసినట్టు లేదు.

సరిగ్గా అప్పుడు డైరెక్టరుగారు రొప్పుకుంటూ పక్క తలుపులోంచి వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడి చెయ్యి చాపారు. "చాలించండి. ముందు ఆ ఉంగరం నా చేతికివ్వండి" అన్నారు. ఇద్దరూ ఆవిడ అరచేతి వంక చూశారు. పిల్లలు చాపల కింద ఉంగరం వెతకడం మొదలుపెట్టారు. ఏ ఉంగరమో అర్థంకాకపోయినా, మేడమ్ కూడా నాటకంలో చేరి రక్తి కట్టిస్తున్నారనుకుని ప్లాను సంతోషించింది.

ఆ సంతోషం ఎదురు తలుపు దాకా నిలవలేదు. అక్కడ భుజాన సంచీ వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆఫీసులో ఎవరూ కనబడక, మాటలు వినిపించిన వైపు నడిచి వచ్చాడు. ఆయన మెల్లగా వంగి కాళ్ళ దగ్గరున్న ఎర్ర పుస్తకాన్ని తీశాడు. జేబురుమాలుతో అట్ట తుడిచాడు. తన పేరున్న చోట ఇంకోసారి తుడిచాడు.

డైరెక్టరుగారు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళారు. దోషులిద్దరూ వెంట నడిచారు. ఇదంతా నటన సార్, పాఠంలో భాగం అని ప్లాను మొదలుపెట్టింది.

"నటనయితే ఆ మాటలు ఎవరు రాశారు?" అని నవలాకారుడు అడిగాడు.

"నేనే రాశానండీ."

"అంటే తీరిగ్గా కూర్చుని, ఆలోచించి, నా నవల చదివితే తలనొప్పి వస్తుందని రాశావన్నమాట."

డైరెక్టరుగారు కంగారుగా అడ్డుపడి, నటన కానే కాదని, ఇద్దరూ నిజంగానే పోట్లాడుకున్నారని, కోపంలో ఏదో నోరు జారారని చెప్పారు. ఆవిడ నమ్ముతున్నది కూడా అదే. నవలాకారుడు దాన్ని కూడా నిదానంగా పరిశీలించాడు. "కోపంలోనే కదమ్మా నిజం బయటికొచ్చేది" అన్నాడు. ఆ రెండు దారులూ మూసుకుపోయాక మూడోది ఎవరికీ తట్టలేదు. తన బస్సు సాయంత్రానికి గానీ లేదు కనుక అందాకా పిల్లలతో కూర్చుంటానని ఆయన హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఆఫీసు గదిలో తలుపు వేసుకుని డైరెక్టరుగారు విచారణ జరిపారు. గొడవ గోడ అయిన వైనం, బంగాళాదుంపల బస్తా అమ్మాయి అయిన వైనం ఒక్కొక్కటే బయటపడ్డాయి. ప్రేమ వ్యవహారం లేదని తెలిసి ఆవిడ హమ్మయ్య అనుకున్నారు. మరుక్షణమే తమ్ముడికి ఫోను చేసిన సంగతి గుర్తొచ్చి తల పట్టుకున్నారు. ఆ చిరాకంతా వంటావిడ మీదికి మళ్ళింది. పిలిపించి, అదంతా నాటకమని చెప్పి, తెలిసీ తెలియకుండా పిల్లల మీద లేనిపోనివి పుట్టించకూడదని, ఉంగరం మాట ఎత్తింది నువ్వే కదా అని గట్టిగా మందలించారు. వంటావిడ తలూపి వెళ్ళిపోయింది. ఇక నవలాకారుడితో ఏం చెప్పాలన్నది తేలలేదు. ఆయన ఏమడిగినా నవ్వి ఊరుకోమని డైరెక్టరుగారు ఇద్దరినీ ఆజ్ఞాపించారు.

ప్లాను గేటు దగ్గర గాలి పీల్చుకుంటూ నిలబడి ఉండగా స్కూటరు ఆగింది. దిగినాయన ఆమె మెడలోని శిబిరం బ్యాడ్జీ చూసి, కళ్ళు వాచి ఉండటం చూసి, విషయం పోల్చుకున్నాడు. జాలిగా దగ్గరికొచ్చి, తాను సందేహం నాన్ననని చెప్పుకున్నాడు.

"అమ్మా, ఉంగరం సంగతి మీ ఇంట్లో తెలుసా?"

"ఏ ఉంగరం అంకుల్?"

ఆయన గేటు పట్టుకున్నాడు. "ఒకటి కాదన్నమాట" అన్నాడు.

ఆయన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి జరిగింది చెప్పేసరికి ప్లానుకు తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని ఆయన, నటన అయితే మరి నువ్వెందుకు ఏడ్చావమ్మా అని అడిగాడు. ఆమె డైరెక్టరుగారి ఆజ్ఞ గుర్తొచ్చి నవ్వింది. ఆయన దిగులు ఇంకా పెరిగింది.

హాల్లో పిల్లలు తాము రాసినవి అతిథికి చదివి వినిపిస్తున్నారు. ఒకడు అన్నయ్య చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఇది నిజం గొడవే అని రాశాడు. ఒక పిల్ల ఉంగరం పుస్తకంలోంచి జారి కిటికీలోంచి బయట పడిందని, తాను కళ్ళారా చూశానని రాసింది. రెండు జడల అమ్మాయి లేచి చదివింది. "చివర్లో వచ్చిన తాతగారు అందరికంటే బాగా నటించారు. పుస్తకం తనదే అయినట్టు వంగి తీసుకున్నారు. తుడిచాక ఎవరి వంకా చూడలేదు. ఆయన బాధ నిజంగా ఉన్నట్టే ఉంది." నవలాకారుడు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బాగుంది, కూర్చో అన్నాడు. గోడవార నిలబడి ఉన్న సందేహానికి నవ్వమన్న ఆజ్ఞ గుర్తొచ్చింది గానీ నవ్వు రాలేదు.

డైరెక్టరుగారు తమ్ముణ్ణీ ప్లానునూ వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చిన కాసేపటికే వంటావిడ గుమ్మంలో కనిపించింది. చేతిలో గుడ్డసంచీ ఉంది. నడుముకు కట్టుకునే వంట గుడ్డను విప్పి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద ఉంచింది.

"మేడమ్ గారూ, నేను వెళ్తున్నాను. విన్నది చెప్పాను తప్ప నేనేం పుట్టించలేదు. మాట పడి ఉండటం నాకు చేతకాదు. గిన్నె మూత కాలుతుంది, పిల్లలెవర్నీ ముట్టుకోవద్దనండి" అంది. వెనుదిరిగి వెళ్ళిపోయింది.

పిల్లలందరూ ఒక్కసారిగా పెన్సిళ్ళు అందుకున్నారు. ఈవిడ నటన మరీ సహజంగా ఉందని నవలాకారుడు పక్కనున్న కళ్ళజోళ్ళాయనతో అన్నాడు. పొద్దున్న నుంచీ ఏది నిజమో తెలియక అలిసిపోయిన ఆయన, అవునండీ అని చప్పట్లు కొట్టాడు. ప్లాను ఇది డైరెక్టరుగారి ఏర్పాటు అనుకుంది. డైరెక్టరుగారు ప్లాను ఏర్పాటు అనుకుని, తనకు చెప్పకుండా రెండో అంకం కూడా పెట్టిందే అని మనసులో మెచ్చుకున్నారు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకుని తలలూపుకున్నారు. హాలంతా చప్పట్లతో మోగింది. నాదొక సందేహం అంటూ సందేహం చెయ్యెత్తాడు. పిల్లలు రాసుకుంటున్నారు, మాట్లాడకు అని డైరెక్టరుగారు కళ్ళతోనే కసిరారు.

భోజనాల గంట అతనే కొట్టాడు. పిల్లలు కంచాలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వరుస కదలలేదు. వంటగదిలో పొయ్యి ఆపేసి ఉంది. కూర సగంలో ఉంది. బియ్యం కడిగి పెట్టి ఉన్నాయి. తరిగిన కూరగాయల పళ్ళెం మీద ఈగలు వాలకుండా తడిగుడ్డ కప్పి ఉంది. డైరెక్టరుగారు ఆ తడిగుడ్డ వైపు చూసి, తమ్ముడితో "నిజంగానే వెళ్ళిపోయిందిరా" అన్నారు. ఆ మాటను రాసుకోవాలా వద్దా అని వరుసలో ముందున్న పిల్లవాడు అడిగాడు.

బస్టాపు రెండు వీధుల అవతల ఉంది. అతిథికి పిల్లల్ని అప్పగించి నలుగురూ ఎండలో బయల్దేరారు. అక్కాతమ్ముళ్ళు ముందు, విద్యార్థులిద్దరూ వెనక. పిల్లల కాగితాల కట్ట ప్లాను చేతిలోనే ఉండిపోయింది.

"పొద్దున్న నువ్వన్నవి డైలాగులేనా?" అని ఆమె నడుస్తూ అడిగింది.

"సగం."

"ఏ సగం?"

అతను ఆలోచించాడు. "పుస్తకం గురించి అన్నవి నువ్వు రాసినవి. మిగతావి నావి" అన్నాడు. అయితే రేపు కథ నువ్వే చెప్పు అంది. ఏ కథ చెప్పమంటావని అతను అడగబోయి మానుకున్నాడు. ఆ మానుకోవడం ఆమె గమనించింది.

వంటావిడ బస్టాపు బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డైరెక్టరుగారు ఎదురుగా నిలబడి, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ చెప్పని మాట చెప్పారు. తప్పు తనదేనని, తొందరపడి నోరు పారేసుకున్నానని, క్షమించమని. వంటావిడ శ్రద్ధగా విని, "బాగా చెప్పారండీ. ఇదెవరు రాశారు?" అంది.

ఎవరూ రాయలేదని డైరెక్టరుగారు అన్నారు. అలాగే అంటారు లెండి అని వంటావిడ అంది. తన షాపులో పరీక్ష ఫ్రేముతో ఒక మనిషి ఇంకా కూర్చుని ఉన్నాడని, అంత నిజం ఇదని కళ్ళజోళ్ళాయన ప్రమాణం చేశాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, మీరు కొత్తగా చేరారా అని అడిగింది. నిజం చెప్పడానికి వాళ్ళ దగ్గర కొత్త మొహమేదీ మిగల్లేదు. దూరంగా బస్సు మలుపు తిరిగింది.

ప్లానుకు ఏం చేయాలో తోచలేదు. ఏ కాగితంలోనూ దీనికి గడి లేదు. సందేహం ఆమె చేతిలోని కట్ట లాక్కుని, పై కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. అది రెండు జడల అమ్మాయిది.

"పెద్దమ్మ కోపంగా ఉన్నట్టు నటించింది. కానీ సరిగ్గా రాలేదు. కోపం వచ్చినవాళ్ళు గుడ్డ విసిరేస్తారు. పెద్దమ్మ మడతపెట్టింది. వెళ్ళేటప్పుడు గిన్నె మూత కాలుతుందని చెప్పింది. మమ్మల్ని చూడలేదు, చూస్తే వెళ్ళలేననుకుంది. నేను చప్పట్లు కొట్టాను గానీ నాకు ఏడుపొచ్చింది."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు వంగి, ఎక్కుతారా అని అడిగాడు. వంటావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ పిల్లకి పొద్దున్న కూడా సరిగా తినబుద్ధి కాలేదు" అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. సంచీ భుజానికి తగిలించుకుని, బస్సుకు వీపు తిప్పి, శిబిరం వైపు నడవసాగింది. డైరెక్టరుగారు ఆవిడ భుజాన ఉన్న సంచీ తాను పట్టుకుంటానన్నారు. అక్కర్లేదంది. నాలుగడుగులు వేశాక ఇచ్చింది.

ఆ రోజు భోజనాలు సాయంత్రానికి అయ్యాయి. కళ్ళజోళ్ళాయన నీళ్ళు మోసి, ముసలాయన సంగతి గుర్తొచ్చి స్కూటరు మీద పరుగుపెట్టాడు. నవలాకారుడు చొక్కా చేతులు మడిచి పిల్లలకు వడ్డించాడు. వంటావిడ హుకుం జారీచేస్తే డైరెక్టరుగారు గిన్నెలు అందించారు. పిల్లలు రెండేసి సార్లు పెట్టించుకుని, ఏమీ రాయకుండా, మాట్లాడకుండా తిన్నారు.

చేతులు కడుక్కుని బస్సుకు బయల్దేరబోతూ నవలాకారుడు ప్లానును పిలిచాడు. ఆయన ఎర్ర పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, మామూలుగా మాట్లాడాడు. తన నవల బాగుందని ఎందరో చెప్పారట. తలనొప్పి వచ్చిందని మొహాన చెప్పింది ఆమె ఒక్కతేనట. పొద్దున్న నుంచీ దాన్నే తిరగేస్తూ కూర్చున్నాడట. రెండో భాగం నిజంగానే అనవసరమని తేలిందట. తరవాతి ముద్రణలో అది ఎత్తేయాలని నిశ్చయించుకున్నాడట.

"ఒక్కటి చెప్పమ్మా. నీకు తలనొప్పి మొదలైంది ఎక్కడ?"

ప్లాను నవ్వి ఊరుకుందామనుకుంది. కానీ ఆ రోజు జరిగినవన్నీ చూశాక ఇంకో నటనకు ఆమెలో ఓపిక లేదు.

"నేను అసలు తెరవలేదు సార్. అట్ట ఎర్రగా ఉందని తీసుకున్నాను. చివరి వరుస పిల్లలకు కూడా కనబడాలని."

నవలాకారుడు ఆమెను చూశాడు. పుస్తకాన్ని చూశాడు. పగలంతా పడిన మథనం, ఎత్తేసిన రెండో భాగం ఆయన మొహం మీద ఒక్కొక్కటే వచ్చి వెళ్ళాయి. అప్పుడు సందేహం గొంతు సవరించుకున్నాడు.

"నేను చదివాను సార్. విసరబోయే ముందు రాత్రి మొత్తం చదివాను, ఏం విసురుతున్నానో తెలియాలి కదా అని. రెండో భాగం నాకు చాలా నచ్చింది. దయచేసి తీసేయకండి" అన్నాడు. మనిషి కళ్ళలోకి సూటిగా చూస్తూ, తడబడకుండా, ఒక్క సందేహమైనా లేకుండా అన్నాడు. పుస్తకం అతని చేతికొచ్చింది ఆ పొద్దున్నేనని ప్లానుకు గుర్తొచ్చింది.

నవలాకారుడు అతన్ని పరీక్షగా చూసి డైరెక్టరుగారి వైపు తిరిగాడు.

"ఈ అబ్బాయి నటిస్తున్నాడా?"

డైరెక్టరుగారి దగ్గర ఆ రోజుకు సమాధానాలు అయిపోయాయి.